ఒకపారి అయినోళ్లు

కిషన్‌బాగ్, 1970ల చివర, వానాకాలం, పొద్దున. కాశమ్మ ఇంటి అరుగు మీద ఆమె, దవాఖాన లేబొరేటరీ నుంచి రక్తం తీసుకోవడానికి వచ్చిన భిక్షపతి.

“రక్తం ఇచ్చి గట్లనే డ్యూటీకి పోయిండు సూడు మా ఆయన. మూడు వారాల కింద ఇదే మనిషి నడుం పట్టుకొని ఏడ్చిండంటే ఎవరు నమ్ముతరు?”

“డెంగీ నడుమునే పట్టుకుంటది కాశమ్మక్కా. బాబురావన్నది అయిపోయింది. జ్వరంల తీసింది ఒక సీసా, తగ్గినంక తీసింది ఒక సీసా. రెండు పక్కపక్కన పెట్టి సూస్తరు.”

“చాయ్ తాగు భిక్షపతీ, సల్లారుతది.”

“ఈ రక్తం సీసాను ఐసుల పెట్టి తాగుత. అక్కా, నా చిట్టీల ఇంకో పేరున్నది. కళావతి.”

“మా బిడ్డదా? దానికెందుకు? దానికి రెండేండ్ల కిందనే వచ్చి పోయె. నువ్వే రెండుపార్లు తీస్కపోతివి. రెండోపారి నేను ఇయ్యనంటే పల్లిపట్టీలు గూడ తెస్తివి దానికి.”

“ఇప్పుడు గూడ తెచ్చిన. ఒకపారి వచ్చినోళ్ల రక్తం కావాలంటున్నడు డాక్టర్ సాబ్.”

“టీకా కోసమా?”

“టీకా కోసమే.”

“అమ్మవారికి టీకా ఉండె. దీనికి ఇంకెప్పుడు చేస్తరు?”

“జల్ది అయ్యేది కాదక్కా. డెంగీ ఒక్కటి కాదు, నాలుగు తీర్లు. ఒకదానికి టీకా ఏస్తె మిగిలిన మూడిటితోని...”

“మూడిటితోని ఏంది?”

“ఏం లేదు. పిల్లను పిలువు. ఒక్క సూది, అయిపోతది.”

“పండుకున్నది. పండుకోనియ్యి. నాలుగు దినాలసంది మస్తు పరేషాన్ అయింది.”

“ఏమైంది?”

“ఏం కాలే. జర ఒళ్లు కాలింది. వానల తడిసింది.”

“జ్వరమా?”

“జ్వరమే అనుకో. తెల్లారంగ దిగింది. ఇప్పుడు ఒళ్లు సల్లగున్నది.”

“ఎంత సల్లగ?”

“సల్లగ అంటే సల్లగ. ఏందా అడుగుడు?”

“నాలుగు దినాలు జ్వరముంటే దవాఖానకు ఎందుకు తేలే?”

“డెంగీ అయితే తెస్తుంటి. దానికి డెంగీ ఎట్లొస్తది? ఒకపారి అయిపాయె. గందుకే వాళ్ల నాయిన పక్కన దాన్నే కూసోబెట్టిన, బడి బంద్ చేపిచ్చి. చిన్నదాన్ని మా చెల్లె ఇంటికి తోలిన. తడిబట్ట ఏసుడు, గంజి తాపుడు, పది దినాలు అన్నీ కళావతే చేసింది.”

“డెంగీ పక్కన కూసుంటె రాదక్కా. దోమతోని వస్తది. అన్నను కుట్టిన దోమ ఆ అర్రలనే ఉంటది, పట్టపగలు కుడతది. పొద్దంత అక్కడ ఎవరుంటే వాళ్లను కుడతది.”

“కుడితె కుట్టనీ. ఒకపారి అయినోళ్లకు ఏం కాదు.”

“గా మాట ఎవరు చెప్పిన్రు నీకు?”

“ఎవరు చెప్పిన్రా? నువ్వు. ఇదే అరుగు మీద కూసోని. ‘నీ బిడ్డ రక్తంల సిపాయిలు తయారైన్రక్కా, దీనికి ఇంక జిందగీల రాదు, ఆ సిపాయిలను డాక్టర్ సాబ్‌కు సూపెట్టాలె’ అంటివి. గా మాట మీదనే రెండోపారి ఇచ్చిన.”

“అన్ననా?”

“అన్నవు. మా అత్త గూడ అమ్మవారు పోసినప్పుడు గట్లనే చేసేది. ఒకపారి అయినోళ్లనే పక్కన కూసోబెట్టేది. నీ మాట నాకు కొత్తగ అనిపియ్యలే.”

“కడుపు నొస్తుందన్నదా పిల్ల?”

“మాట తప్పియ్యకు. అన్నవా లేదా?”

“అన్న. నువ్వు రక్తం ఇయ్యవేమోనని అన్న. నాకు గూడ గంతే ఎరుక అప్పుడు. కడుపు నొస్తుందన్నదా అక్కా?”

“రాత్రి నుంచి అంటనే ఉన్నది. తాగిన గంజి కక్కింది.”

“పండ్ల సందున రక్తం?”

“నిన్న మొఖం కడుగంగ జర వచ్చింది. యాపపుల్ల గుచ్చుకున్నదనుకున్న.”

“పొద్దున ఒంటికి పోయిందా?”

“లే. లేపితే కండ్లు తెరిచి మళ్ల పండుకున్నది. జ్వరం దిగింది భిక్షపతీ. దిగితే మంచిదే గద?”

“దీంట్ల దిగినప్పుడే ఫికర్. దుప్పటి సుట్టు పిల్లకు. నేను ఆటో తెస్త.”

“ఆగు. నా బిడ్డకు ఏమైందో చెప్పి పో. దాని రక్తంల సిపాయిలు ఉన్నరంటివి. యాడ పోయిన్రు?”

“యాడికీ పోలే. గదే బాధ. వాళ్లు పాతదాన్నే సంపుతరు. కొత్త తీరుది వస్తె సగమే గుర్తుపడతరు. పట్టుకుంటరు గాని సంపలేరు. పట్టుకొని పానంతోనే ఒంటి లోపటికి తెచ్చి ఇడుస్తరు. గందుకే కొందరికి రెండోపారి ఎక్కువ గోస. టీకాతోని గూడ గట్లనే అయితదేమోనని డాక్టర్లు భయపడుతున్నరు. గీ సంగతి డాక్టర్ సాబ్ మొన్న చెప్పంగనే ఇన్న.”

“మొన్న ఇని, ఇయ్యాల వచ్చినవా?”

“చిట్టీల బాబురావన్న తేదీ ఇయ్యాల ఉండె.”

“తేదీ.”

“నాకు గూడ భయమైతుంది అక్కా. గందుకే వచ్చినంక గూడ జల్ది నోరు తెరవలే. దవాఖానల సెలైన్ పెడతరు. యాళ్లకు పోతే బతుకుతది. మస్తు మంది బతికిన్రు.”

“యాళ్లకు పోతమా?”

“పోవాలె. లే, కూసోకు. ఉరికిపోయి ఆటో తెస్త.”

“ఆటో సాలదు.”

“ముగ్గురమే గద?”

“మాణిక్యమ్మ మనుమరాలు, ఓదెలు పెండ్లాం, మూల మీది మొగులయ్య బిడ్డలిద్దరు. అందరు రెండేండ్ల కింద జ్వరమొచ్చి లేసినోళ్లే. ఈపారి గల్లీల ఎవరింట్ల జ్వరమొచ్చినా పక్కన వాళ్లనే కూసోబెట్టిచ్చిన, దవాఖాన భిక్షపతి చెప్పిండని. నిన్నటిసంది వాళ్లు గూడ పండుకునే ఉన్నరు.”