మూడే మూడు పనుల కటింగ్ మాస్టారు

"పనెక్కువైపోయిందని ఏడిచేవాడికి అసలు పనే రాదు, రాసిపెట్టుకోండి! పొద్దున్న లేవగానే మన ముందు పది పనులుంటాయా? అందులో అసలైనవి మూడే. మిగతా ఏడూ మన బుర్ర తినడానికి పుట్టినవి. ఆ ఏడింటినీ కొట్టిపారేసినవాడే మొనగాడు. అలాంటివాణ్ణి చూడాలంటే ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, ఇటు తిరగండి చాలు!"

అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. కటింగ్ మాస్టారు తన షాపుకి ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద, కొత్తగా కుట్టుకున్న రెండు మూరల ఎర్ర దిండు పరుచుకుని, మెడలో టేపుతో, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మా వీధిలో ఆయనలా కోతలు కోసేవాడు ఇంకొకడు లేడు, కత్తెరతోనైనా సరే, నోటితోనైనా సరే. వినేది నలుగురం. టీ కాచే పిన్ని, పక్క సందులో ఇస్త్రీ చేసే మామ, సైకిళ్ళు బాగుచేసే నేను, మాస్టారి బామ్మర్ది.

ఆ బామ్మర్ది బ్యాండులో బాకా ఊదుతాడు. పదకొండేళ్ళు వెనక వరసలో నిలబడే ఊదాడు. ఇవాళ సాయంత్రం ఐదింటికి టౌన్‌హాల్లో మొదటిసారి ముందుకొచ్చి ఒక్కడే ఒక పాట వాయించాలి. ఎర్ర కోటు లేనివాణ్ణి ముందు వరసలోకి రానివ్వనని బ్యాండు పెద్ద తెగేసి చెప్పాడు. ఆ కోటు కుట్టింది మాస్టారే. ఇప్పుడది కాగితంలో చుట్టి, దారం కట్టి, బామ్మర్ది ఒళ్ళో ఉంది.

"బావా, ఒక్కసారి విప్పి తొడుక్కుని చూస్తాను."

"ఇదిగో, ఇదే వద్దనేది! తొడుక్కుని చూడ్డమనేది ఆ ఏడింటిలోది, కొట్టేశా. నా చేతి మీద నమ్మకం లేదట్రా? మడత నలిగిపోతుంది, అక్కడికెళ్ళి విప్పుకో. అసలు ఈ కిటుకు నాకు ఎలా దొరికిందో చెప్తా, వినండి. మొదట్లో నేనూ మీలాగే వెర్రిబాగులవాణ్ణే. ఒకరోజు పద్దెనిమిది చొక్కాలు, సాయంత్రానికల్లా ఇవ్వాలి. గుమ్మం నిండా జనం. ఒకడు జేబంటాడు, ఒకడు కాలరంటాడు, లోపల్నించి వీళ్ళక్క పప్పులో ఉప్పు చూడమంటుంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. సుద్దముక్క తీసుకుని ఉన్న పనులన్నీ కటింగ్ బల్ల మీద రాశా. లెక్కపెడితే పది. తడిగుడ్డ తీసుకుని ఏడు తుడిచేశా. ఏం మిగిలాయి? కొలత, కోత, భుజం. ఈ మూడూ కుదిరితే చొక్కా దానంతటదే చొక్కా అయి కూర్చుంటుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పన్నెండు కొట్టేసరికి పద్దెనిమిది చొక్కాలూ హ్యాంగర్లకి వేలాడుతున్నాయి!"

"గుండీలు కూడా కుట్టావా?" అంది పిన్ని.

"గుండీలెందుకు పిన్నీ? తొడుక్కున్నవాడు చేతులు కట్టుకుని నిలబడితే సరిపోదూ!"

పిన్ని గ్లాసులు కడుగుతూ నావైపు చూసి, "బాకా ఊదేది బామ్మర్దనుకున్నాను," అంది. మాస్టారికి అది వినబడలేదు. వినబడినా ఆగే ఘటం కాదు.

"ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పడి బడి దాకా వెళ్ళింది. హెడ్మాస్టరు చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చాడు. ఆరొందల జతల యూనిఫారాలు, ఒక్కటంటే ఒక్క రోజు! ఇంకోడైతే తలుపేసుకుని దొడ్డిదారిన పోయేవాడు. నేనేం చేశాను? ఒక టీ తాగాను. తాగి, కోతలో టైమంతా ఎక్కడ తగలడిపోతోందా అని ఆలోచించాను. తట్టింది! గుడ్డ మడతపెట్టడంలో. ఏ దర్జీని చూసినా గుడ్డని మడతపెడతాడు, అంచుకి అంచు కలుపుతాడు, దువ్వుతాడు, మళ్ళీ విప్పుతాడు. దాన్నీ కొట్టేశా. గుడ్డ తాను మీద తాను, ఉన్నదున్నట్టు పరుచుకుంటూ పోవడమే. కత్తెర పెట్టి ఒక్క కోత!"

ఇస్త్రీ మామ టీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు.

"మడత పెట్టలేదా అల్లుడూ?"

"లేదు మామా."

"అన్నీ ఒకే వైపు పరిచావా?"

"ఒకే వైపు! అప్పుడే కాదు, ఇప్పటికీ నాది అదే పద్ధతి. నిన్న వీడి కోటు చేతులు కూడా అలాగే కోశా. మఖమలు కదా, మెరుపు పైకి పెట్టి ఒకదాని మీద ఒకటి పరవడం, కోసెయ్యడం. చిటికెలో పని!"

మామ ఒకసారి బామ్మర్ది ఒళ్ళో పొట్లం వైపు చూశాడు. "ఊఁ, కానీ," అని టీ ఊదుకున్నాడు.

"కోసీ కోసీ కత్తెర నిప్పులా ఎర్రబడింది. బకెట్లో ముంచితే బుస్సుమని ఆవిరి లేచింది చూడండీ, ఆ ఆవిరికి ఆరొందల జతలూ ఇస్త్రీ అయిపోయాయి! ఆ రోజు నీకు బేరం లేదు, గుర్తుందా మామా?"

"గుర్తుంది. ఆ రోజు నాకు జ్వరం."

"ఇంతా చేసి ఇది ఓ మాదిరి సంగతి. అసలు కథ ముందుంది. ఒక దేశం, పేరు చెప్పకూడదు, మాటిచ్చాను. ఆ దేశపు సేనాధిపతి నాకోసం హెలికాప్టర్లో వచ్చి, నా షాపు మీదే దిగాడు!"

"నీ షాపుది రేకుల కప్పు కదా బావా?"

"అందుకే మెల్లిగా దిగాడురా! దిగి, చేతులు పట్టుకున్నాడు. మాస్టారూ, తెల్లారితే యుద్ధం, మావాళ్ళంతా చలికి వణుకుతున్నారు, నలభై వేల కోట్లు కావాలన్నాడు."

"నలభై వేల కోట్లే!" పిన్ని నోరెళ్ళబెట్టింది.

"డబ్బు కాదు పిన్నీ, తొడుక్కునేవి! సరే, వెళ్ళాను. మైదానం నిండా మనుషులు. అందర్నీ కొలుస్తూ కూర్చుంటే నా మనవడికి పెళ్ళీడు వస్తుంది. మొదటివాణ్ణి కొలిచా, చివరివాణ్ణి కొలిచా, మధ్యలోవాళ్ళని సర్దుకోమన్నా. గుడ్డ పేర్చడం మొదలుపెట్టించా. పేర్చారు, పేర్చారు, ఎంతకీ ఆగదే! అటుగా వచ్చిన మబ్బు ఆగి చూసి, దారిలేక పక్కనించి చుట్టుతిరిగి పోయింది. నిచ్చెనేసుకుని నేనొక్కణ్ణే ఎక్కా. తిండి కొట్టేశా, నిద్ర కొట్టేశా. సగం ఎక్కేసరికి నా నీడ కాళ్ళు లాగుతున్నాయని కూలబడింది, నువ్విక్కడే ఉండవే అని దాన్నీ వదిలేశా. శిఖరానికి చేరి, కత్తెర బార్లా తెరిచి, దూకా! కర్‌ర్‌ర్‌ర్! నేను కిందికొస్తున్నా, కోట్లు తెగుతున్నాయి, నేనొస్తున్నా, తెగుతున్నాయి! మరి కుట్టిందెవరంటారేమో, ఆ విసురుకి దారమే సూదిలోకి దూరి తన పని తను చేసుకుపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను నేల మీద కాలు మోపేసరికి కోట్లన్నీ గాల్లోకి లేచి, ఎవడి కోటు వాడి ఒంటి మీద పడింది! నలభై వేల మందీ ఠక్కున చెయ్యెత్తి నాకు సెల్యూట్ కొట్టారు. ఆ గాలికి అవతలివాళ్ళ టోపీలన్నీ ఎగిరిపోయాయి. వాళ్ళు టోపీల వెంట పడ్డారు, యుద్ధం అయిపోయింది. అంతా ఎందుకయింది? మూడే మూడు పనులు!"

మాస్టారు మెడలో టేపు సవరించుకుని మమ్మల్నందర్నీ ఒకసారి కలయజూశాడు. ఇస్త్రీ మామ ఖాళీ గ్లాసు కింద పెట్టాడు.

"సెల్యూట్ కొట్టారా అల్లుడూ?"

"కొట్టకేం మామా, కళ్ళారా చూశాను!"

"ఏ చేత్తో?"

"అదేం ప్రశ్న? కుడి చేత్తో!"

"వాళ్ళకి కుడి చెయ్యి ఎక్కణ్ణించొచ్చింది?" అన్నాడు మామ నిదానంగా. "గుడ్డ మడతపెట్టి కోస్తే ఒకటి కుడీ, ఒకటి ఎడమా వస్తుంది. మడత ఉన్నది అందుకే. నువ్వేమో మడత కొట్టేశావు, మెరుపు పైకి పెట్టి అన్నీ ఒకే వైపు పరిచావు. అలా ఎన్ని కోసినా అన్నీ ఒక వైపువే వస్తాయి. నీ నలభై వేల కోట్లకీ రెండూ ఎడమ చేతులే అల్లుడూ. అవి తొడుక్కున్నవాడు సెల్యూట్ ఏం కొడతాడు, వీపు గోక్కుంటాడు!"

పిన్ని నవ్విన నవ్వుకి చేతిలో గ్లాసు జారి తొట్లో పడింది. నేను కడుపు పట్టుకున్నాను. నవ్వనివాళ్ళు ఇద్దరే. మాస్టారి వేళ్ళు టేపు మీద బిగుసుకుపోయాయి. బామ్మర్ది ఆయన మొహం చూశాడు, గబగబా దారం తెంపాడు.

కోటు భలే ఉంది, ఎర్ర మఖమలు, బంగారు రంగు అంచు, భుజాలు తీర్చినట్టున్నాయి. ఎడమ చెయ్యి సుఖంగా దూరింది. కుడి చెయ్యి మోచెయ్యి దాకా వెళ్ళి ఆగింది. బలవంతంగా తోస్తే చెయ్యి వెనక్కి మెలితిరిగింది. పక్కనున్న బాకా తీసి నోటి దగ్గర పెట్టుకోబోయాడు. ఆ కుడి చెయ్యి ఛాతీ దాకా లేచి, ఇంక పైకి రానంది.

"పదకొండేళ్ళు బావా," అన్నాడు. "పదకొండేళ్ళు ముందువాడి వీపు చూస్తూ ఊదాను. ఇవాళ కోటు లేక మళ్ళీ వెనక్కే పోవాలా?"

మాకు నవ్వు ఆగిపోయింది. మాస్టారు మాత్రం ఇట్టే తేరుకున్నాడు.

"ఛ, ఊరుకోరా, మగాడివి! నేనుండగా నీకేం భయం? టైమెంతయింది, రెండేగా? ఆ చెయ్యి విప్పి పారేసి, కొత్తది కోసి, భుజానికి అతికిస్తే గంట పని. కొలత, కోత, భుజం, చూశావా, మళ్ళీ ఆ మూడే! కాకపోతే గుడ్డే లేదు. ఈ రంగు మఖమలు బజార్లో అయిపోయింది. నువ్వు తెచ్చింది చాలీచాలక ఎలాగో సరిపెట్టాను."

"ఏమీ మిగల్లేదా?"

"ఒట్టురా! మీ అక్క మీద ఒట్టు. పిసరంత ముక్క కూడా మిగల్లేదు."

బామ్మర్ది కోటు విప్పి చేతి మీద వేసుకున్నాడు. కోటు వైపు చూశాడు, బావ కిందున్న దిండు వైపు చూశాడు, మళ్ళీ కోటు వైపు చూశాడు.

"బావా, ఓసారి లే."

"ఎందుకురా?"

"నా కుడి చెయ్యి మీద కూర్చున్నావు."