ఇరవై కథల కార్డు

ఫోన్ రిపేరు షాపులో ఆమె గోరంత మెమరీ కార్డును బల్ల మీద పెట్టింది.

“మొదటి మూడు వీడియోలే తెరుచుకుంటున్నాయన్నా. మిగతావన్నీ నలుపే.”

“ఇది దొంగ కార్డమ్మా. పైన అరవైనాలుగు జీబీ అని వేశారు, లోపల నాలుగుకి మించి పట్టదు. నిండాక ఉత్త పేర్లే చూపిస్తుంది.”

“పేర్లున్నాయంటే కథలూ ఉన్నట్టేగా? అక్క తన పాప కోసం ఇరవై కథలు చెప్పింది.”

“కార్డులోకి ఎక్కనే లేదు, ఎక్కణ్ణుంచి తియ్యను? మంచి కార్డిస్తా, అక్కతో మళ్లీ చెప్పించమ్మా.”

“ఆపరేషన్‌తో గొంతు పోతుందని తెలిసే చెప్పిందన్నా. పొద్దున్నే లోపలికి తీసుకెళ్లారు.”

“ఈ కార్డు ఎవరు కొన్నారు?”

“నేనే. అక్కకి మెలకువొచ్చాక రాసి అడగడానికి పలకా నేనే కొన్నా. మొదట ఏం రాస్తుందో నాకు తెలుసన్నా. ఆసుపత్రి వైపు కాళ్లు పడట్లేదు.”