నడిపి తాత కారు

ఏ కారు? గా కొట్టంల గోనెపట్టాలు కప్పి ఉన్నదేనా? దాని ముచ్చట ఇయ్యాల ఎందుకు యాదికొచ్చింది రా అమరేందరూ నీకు? పట్నం నుంచి ఎవలో ఫోన్ చేసిండ్రా? కొంటడట్నా? ఆగు ఆగు, కొనుడు తర్వాత, ముందుగాల అది ఎవలదో తెలుసుకో. చెప్త గని జర గా నూలు కండెల గంప ఇటు జరుపు. నా చెయ్యి ఆగితే నోరు గూడ ఆగుతది, నీకు తెలుసు గదా. ఆఁ. గది మీ నడిపి తాతది, భిక్షపతిది. మీ తాతకు తమ్ముడు, నాకు మరిది. ముగ్గురన్నదమ్ములల్ల నడిమోడు. నేను గీ నార్కట్‌పల్లికి కోడలుగ వచ్చిననాటికి ఆయినెకు మీసాలు గూడ సరిగ్గ రాలె. పెద్దోడంటే మీ తాత, మగ్గం ఆయినెది, పెత్తనం ఆయినెది. చిన్నోడంటే ముద్దు, సదువుకు తోలిండ్రు. నడిపోనికి ఏముంటది? అన్న ఇడిసిన అంగి. మా అత్త మంచిదే పాపం, ఉన్నది ఉన్నట్టు చెప్పాలె, గని అన్నంకాడ "పెద్దోడు తిన్నడా, చిన్నోడు తిన్నడా" అని అడుగుతుండె. నడుమ ఒకడు పీటేసుకోని కూసున్నది కండ్లకు ఆనకపోతుండె. "అత్తా, ఈడ ఇంకొకలున్నరు" అని నేనంటుంటి. ఆయినె నవ్వుకుంట తింటుండె.

మగ్గం మీద మనసు నిలవక దొర దగ్గర డ్రైవరుగ కుదిరిండు. కట్టంగూరు దిక్కు దొర, పేరెందుకు తియ్యి. రజాకార్ల లొల్లి అయిపోయినంక గా దొర ఊరు ఇడిసి పట్నం పోయి ఉందామనుకున్నడు. పెద్ద కారు ఉన్నది, అది ఆయినెతోనే పోతది. గీ చిన్నది మిగిలింది. ఇద్దరే కూసునే కారు, మూడో మనిషికి జాగ లేదు. ఉరుకుతది బాగనే, పందేలల్ల ఉరికే కార్ల లెక్క చేసిండ్రట. గని దాన్ని సూస్తే ఎవలకు గూడ మనసుకు రాకపోతుండె. మూతి ముడుసుకున్నట్టు ముందుభాగం, రెండు లైట్లు దగ్గరదగ్గరకు. పట్నం నుంచి వచ్చిన దొర సోపతిగాళ్ళు కడుపుబ్బ నవ్వేటోళ్ళట. భిక్షపతే వాళ్ళ లెక్క గొంతు వెట్టి చెప్తుండె నాకు, "అరే భాయ్, గీ కంపెనీది దీనికి ముందుగాల వచ్చిన కారు సూసినవా, ఎంత గుండ్రంగ ముద్దుగుండె. దీని ఎనుక వచ్చింది సూడు, ఎంత పొడుగు, ఎంత సోకు. నడుమ గిదెందుకు పుట్టిందో ఆ చేసినోళ్ళకే తెల్వాలె" అని. గట్ల అంటుంటే ఈయినె డ్రైవరు టోపీ పెట్టుకోని పక్కన నిలవడి ఇంటుండె. ఆఖరికి దొర "నువ్వే తీస్కపో, లేకుంటే గడ్డి ఏసుకోను పెట్టుకుంట" అన్నడు. తీసుకొచ్చిండు. పేరు ఏందో ఉండె, నా నోరు తిరగది.

ఇంటికి తెచ్చినంక లొల్లి సూడాలె నువ్వు. ఎండల పెడితే ఖరాబైతదని గా కొట్టంల తన వంతు మగ్గం గుంట పూడ్సి, దాని మీద పెట్టిండు కారును. సాలోళ్ళ ఇంట్ల మగ్గం గుంట పూడ్సుడంటే పొయ్యి ఆర్పినట్టు. మీ తాత నాలుగు నెలలు తమ్మునితోని మాట్లాడలె. ఏమన్న చెప్పాల్నంటే నాకు చెప్పుడు, ఆయినె ఎదురుంగనే ఉంటుండె. "శారదా, వానికి చెప్పు, చెద పట్టినా మగ్గం మగ్గమే, మెరిసినా డబ్బ డబ్బనే అని." ఇగ పిల్ల సంబంధం ఒకటొస్తే, పిల్ల తండ్రి కారు సుట్టు మూడుసార్లు తిరిగి, లోపలికి తొంగి సూసి, "ఇద్దరే కూసుంటరా? మరి పిల్లలు పుడితే యాడ కూసుంటరు?" అన్నడు. మల్ల రాలె. ఇంకో సంబంధం గూడ దగ్గరికి రాలె. నాకు కోపమొచ్చి ఒకనాడు నిలదీసి అడిగిన, ఏముందయ్యా గీ డబ్బల, దొరే వద్దన్నదాన్ని నువ్వెందుకు మోస్తున్నవ్ అని. గప్పుడు చెప్పిండు. "వదినె, గడియారం బొమ్మేసిన రుమాళ్ళు యాదికున్నయా?" ఉన్నయి, ఎందుకుండయి. మా మామ కాలంల నేసినయి. రుమాలు మీద గడియారమేందని ఎవడు కొనలె. మగ్గాలు తుడిసినం, పసిపిల్లల కింద పరిసినం, చింపి వత్తులు గూడ చేసినం. పదేండ్లకు పట్నం సేటొకడొచ్చి గవ్వే కావాలె, ఎంతకైన కొంట అన్నడు. ఊరంత ఎతికితే ఒక్క ముక్క దొరకలె. "మనసుపడ్డదాన్ని అందరు దాసుకుంటరు వదినె. దీనికి ముందుగాల వచ్చిన ముద్దు కారును పట్నంల పదిమంది దాసుకున్నరు. గిసొంటిదాన్ని అందరు పలగ్గొడ్తరు. అన్ని పోయినంక దీనికోసం ఒకడొస్తడు. వచ్చి గిదే కావాలె అంటడు. గా దినం నేను సూడాలె" అన్నడు. దాని గురించి అంటుండో తన గురించి అంటుండో దేవునికెరుక. నేను మాత్రం ఊకోలె. "ఒక్కటే మిగిలినా అడిగేటోడు గూడ ఒకడుండాలె గదయ్యా" అన్న. నేను గీ కండెలు సుట్టుకుంట గా మాట ఎన్నిసార్లు ఆలోచన చేసిన్నో. మిగిలినందుకు విలువొస్తదా, అడిగినందుకు విలువొస్తదా? నువ్వు సదువుకున్నోనివి, నువ్వు చెప్పు. తెల్వదు గదా. నాకు గూడ తెల్వదు.

గసొంటియి మన దిక్కు అయిదో ఆరో ఉండెనట. ఏది యాడున్నదో అన్ని ఎరుకే ఆయినెకు. ఏడాదికొకసారి బస్సెక్కి పోయి సూసొస్తుండె, సుట్టాలను సూసొచ్చినట్టు. ఒకనాడు ఆలేరు పోయిండు. మాపటికి వచ్చి, లోపలికి రాకుండ వాకిట్ల నీళ్ళ గోలెంకాడ నిలవడి, బట్టల మీదనే చెంబుతోని నెత్తి మీద నీళ్ళు పోసుకుంటుండు. సావు కబురు ఇంటేనే గదా గట్ల పోసుకునేది. మా అమ్మగారిది ఆలేరే. మా నాయిననా, మా అన్ననా, ఎవలు పోయిండ్రో అని నేను వాకిట్ల కూలవడి శోకాలు పెట్టిన. ఇరుగుపొరుగోళ్ళంత వచ్చిండ్రు. పక్కింటి నర్సింగమ్మ నన్ను పట్టుకోని తను గూడ ఏడ్సుడు షురూ చేసింది. భిక్షపతి తడిబట్టలతోని వచ్చి మెల్లగ, "అయ్యో వదినె, మీవోళ్ళంత మంచిగున్నరు. ఆలేరు కారు పోయింది. ఇరుసు పీకి ఎడ్లబండికి ఏసుకున్నరు, టైర్లతోని సహా" అన్నడు. చీపురు అందుకున్న. కొట్టిన్నా అంటే, ఆఁ, కొట్టిన. ఒక్కటే. ఊరు ఆర్నెల్లు నవ్వింది. గని ఎనుక పట్నంవి రెండు పాయె, కోదాడ దిక్కు ఒకటి పాయె, ప్రతిసారి గదే నీళ్ళు, గదే చెంబు. మిగిలినవాటి విలువ పెరుగుతుంటే సంబురపడాలె గద నువ్వు, ఎందుకు తానం చేస్తున్నవ్ అంటే, "ఏమో వదినె, రెండూ అయితున్నయి" అంటుండె.

ఇగ రెండే మిగిలినయి. ఒకటి మనది, ఇంకొకటి పాలమూరుల కాటమయ్యది. ఆయినెది సైకిల్ల దుకాణం. అరవై నాలుగో అరవై అయిదో, ఎండకాలం, గా కాటమయ్య సంకల సంచి పెట్టుకోని వచ్చిండు. తువ్వాలల సుట్టిన పండ్ల చక్రం ఒకటి తీసి సాప మీద పెట్టిండు, గేర్లది, పండ్లు అరిగిపోయి ఉన్నయి. "అన్నా, గిసొంటిది పట్నంల లేదు, బొంబాయిల గూడ లేదంటుండ్రు. నీ దాంట్ల ఉన్నది. అది లేకుంటే నాది కొలిమికి పోవుడే. నిన్ను అడుగుడు తప్పే, గని ఎవలను అడగాలె" అన్నడు. మీ తాత మగ్గం ఆపి సూస్తుండు. తమ్మున్ని పక్కకు పిలిసి, గప్పుడు మాత్రం సూటిగ తమ్మునితోనే అన్నడు, "పిచ్చోడా, ఇన్నేండ్ల సంది నువ్వు కోరుకున్నది గిదే గదా. ఉత్తచేతుల తోలు. ఇగ నీదొక్కటే ఉంటది" అని. నిజమే గదా. నేను గూడ గట్లనే అనుకున్న. అన్నం పెట్టిన ఇద్దరికి. తినుకుంట భిక్షపతి ఒక్కటే అడిగిండు, "నీ దాంట్ల ఎవలు కూసుంటరు?" కాటమయ్య సిగ్గువడ్డడు. "నేను, మా ఆడిది. సంతకు పోతం. అందరు నవ్వుతరు, అయినా పోతం." మా మరిది చెయ్యి కడుక్కోని, పానాలు పట్టుకోని కారు కిందికి దూరిండు. పొద్దుగూకేదాంక ఇప్పి, తన చక్రం తీసి ఆయినె చేతిల పెట్టిండు. గంతే, మనది మల్ల నడవలె. నాకు కడుపుల మండింది. నీ జీవితమంత దీని మీద పెట్టి ఎవడో పరాయోనికి ఇచ్చుకుంటివి అన్న. "ఒక్కటే మిగిలితే దాని ముచ్చట నేనెవలతోని చెప్పుకోవాలె వదినె" అన్నడు.

గప్పటిసంది ఇద్దరికి కార్డుముక్కలు నడుస్తుండె. "మనది మంచిగున్నది, జడ్చర్ల దాంక పోయొచ్చినం" అని కాటమయ్య రాస్తుండె. మనది అనే రాస్తుండె సూడు. మూడేండ్లకు భిక్షపతికి జరమొచ్చి నల్లగొండ దవాఖానల పదిరోజులుండి పానమిడిసిండు. కార్డు రాపిచ్చినం. మూడో దినం నాడు వాకిట్ల కారు సప్పుడు. నేను కొట్టం దిక్కు సూసిన, మనది ఆడనే ఉన్నదాయె. కాటమయ్య దిగిండు. గోలెంకాడికి పోయి, బట్టల మీదనే మూడు చెంబులు పోసుకోని, అటెనుక లోపలికొచ్చిండు. మన కులపోడు గాదు, సుట్టం గాదు. గప్పటిదాంక నేను నిలవడి పనులు చేసుకుంటున్న గని, గది సూసినంక నాతోని గాలె. పోయేటప్పుడు "అక్కా, నా దాంట్ల చక్రం తీసి మీ దాంట్ల మల్ల ఎక్కియ్యనా" అని అడిగిండు. వద్దయ్యా, నడుపుకో, మా మరిది గూడ దాంట్ల ఉన్నట్టే అన్న.

గిది ముచ్చట. ఇగ నువ్వు చెప్పు, గా పట్నపాయన ఏమంటుండు? ఆహా. గంత ఇస్తడట్నా. మీ నడిపి తాత చెప్పినట్టే అయ్యింది సూడు, ఒకడొచ్చి గిదే కావాలె అంటుండు. ఎందుకంట గంత మోజు? ఏందీ, జర గట్టిగ చెప్పు. దేశం మొత్తంల గిదొక్కటే మిగిలిందట్నా. నవ్వకు, నవ్వకు. సరిగ్గ అడిగినవా? పాలమూరుది లెక్కపెట్టిండా ఆయన? కాటమయ్య కొడుకు దగ్గర ఉండాలె గదా. ఎప్పుడు? పోయిన చలికాలమా. పాతసామాన్లోళ్ళకు అమ్మిండా.

సరే బిడ్డా. ఆయనతోని రేపు మాట్లాడుదువు తియ్యి. గీ కండెలు పక్కకు పెట్టు. వాకిట్ల తొట్టిల నీళ్ళున్నయా సూడు పో, చెంబు నేను తెచ్చుకుంట.