ముందు సిలిండరొక్కటే

తనిఖీకని బండి చుట్టూ కట్టిన ఆ తాడు విప్పకు. నీకే చెప్పేది ఎల్డన్, విప్పకు! రికార్డు రాలేదు కాబట్టి బండి తీసుకుని పొమ్మంటావు, అంతేగా? రెండు ముక్కలు చెప్పేసి పక్క గుడారంలో ఎవరి నిమ్మరసమో తాగొచ్చని చూస్తున్నావు. నాకు తెలీదా నీ సంగతి!

కూర్చో. ఆ పెట్టె మీద కూర్చో. అది నా పానాల పెట్టే, నీ బరువుకి ఏం కాదులే.

నిన్న నూట ముప్ఫై తొమ్మిది పాయింట్ రెండు. ఇవాళ పొద్దున నూట ముప్ఫై ఏడున్నర. రెండూ కలిపి సగం చేస్తే పాత రికార్డుకి పావు మైలు తక్కువొచ్చింది. లెక్క నాకూ వచ్చులే, కాగితం చూపించకు. గంటకి పావు మైలు! ముసలమ్మ కుంటుకుంటూ పెరట్లోకి పోయే వేగం కూడా కాదది.

ఆ పాత రికార్డు ఎవరిదో నేను చెప్పాలా నీకు? మా అన్నది. ముప్ఫై ఏళ్లుగా ఈ ఉప్పు మైదానం మీద ఎవడి చెవి ఖాళీగా కనిపించినా అందులో ఆ కథే పోస్తూనే ఉన్నాడు. అదిగో చూడు, గుడారం కింద ముక్కులో ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని మహారాజులా ఎలా కూర్చున్నాడో. ఇప్పుడు నెబ్రాస్కా నుంచి పోటీ చూడ్డానికొచ్చిన వాళ్లు దొరికారు. "ఇంజన్‌దేముందయ్యా, ఇంజను ఎవడైనా కడతాడు, అంతా ఈ పాదంలో ఉంది" అని చెప్పులోంచి పాదం తీసి చూపిస్తున్నాడు. నిజంగానే తీశాడు! ఛీ, గోళ్లు కూడా కత్తిరించుకోలేదు మనిషి.

చూపించుకోనీ. వాడి పాదం వాడిష్టం. కానీ పొద్దున కూతురితో ఏమన్నాడో విన్నావా? ఆ పిల్ల హెల్మెట్ కూడా తియ్యలేదింకా. "నీకు పాదంలో బరువు లేదమ్మా కెండ్రా. భయమేసి కాలు ఎత్తేశావు. పోయి నీ బడి బస్సు తోలుకో" అన్నాడు. అందరి ముందూ. నెబ్రాస్కా వాళ్లు నవ్వారు కూడా.

దానికి ముప్ఫై నాలుగేళ్లు ఎల్డన్. ఏడేళ్లుగా ఈ బండి ఎక్కుతోంది. మూడుసార్లు మొదటి రోజు పాత అంకె దాటింది, మూడుసార్లూ రెండో రోజు తగ్గిపోయింది. ఇప్పుడు ట్రైలర్లో తలుపేసుకుని కూర్చుంది. నేను వెళ్తే ఏమందో తెలుసా? "అత్తా, నాన్న అన్నది నిజమేనేమో. నాకు తెలీకుండానే కాలు లేస్తోందేమో. ఇంక నేను ఎక్కను" అంది. బూట్లు తీసి ఒక మూలకి విసిరేసింది.

కాలు లేచిందట, కాలు!

ఇదిగో, ఇది చూడు. చేతిలోకి తీసుకో, కరవదు. పెడలు వెనకాల, నేల రేకుకి అంటించిన మైనం ముద్ద ఇది. కాలు పూర్తిగా తొక్కితేనే పెడలు దీన్ని తాకుతుంది. పొద్దున పెట్టినప్పుడు బొటనవేలంత ఉంది. ఇప్పుడు? కాగితం! ఇందులోంచి నీ మొహం కనిపిస్తుంది, అలా అయిపోయింది. ఇదుగో ఈ ప్లగ్గు కూడా చూడు. గీత దాటగానే ఇంజను ఆపేసిందా, పీకి చూశా. లేత గోధుమరంగు, నిండుగా మండిందని గుర్తు. నాలుగూ అంతే. ఆ ఇంజను దాని దగ్గరున్నదంతా ఇచ్చేసింది, ఆ పిల్ల తన దగ్గరున్నదంతా ఇచ్చేసింది. మూడో మైలు దగ్గర గాలి కొట్టి బండి తోక పక్కకి జారింది, పోయి చూసుకో, ఉప్పు మీద జాడ ఇంకా ఉంది. అయినా కాలు ఎత్తలేదది. మా అన్నయితే అక్కడే ఎత్తేసి, సాయంత్రానికి గాలిని తిట్టేవాడు.

ఏంటి, ఎవరు వింటారంటావా? వింటే నువ్వు వినాలి, నీకే చెప్తున్నా.

కొలువు. నా ఇంజన్ని కొలువు.

అవసరం లేదని నాకూ తెలుసు! ఇంజను సైజు పరిమితి దాటిందేమోనని రికార్డు కొట్టిన బండినే కొలుస్తారు, ఓడినదాన్ని కొలవరు. ఆ రూలు నువ్వు పుట్టకముందే నాకు తెలుసు. అయినా కొలువు. ఎండగా ఉందా? పాపం. ఈ ఇంజను కట్టేటప్పుడు నాకు ఎండ లేదనుకున్నావా? బంగాళాదుంపల రైతు కొట్టంలో నీళ్లు తోడి తోడి తుప్పుపట్టి, పిట్టలు గూడు కట్టిన ఇంజను దిమ్మ అది. ట్విన్ ఫాల్స్‌లో నా షెడ్డుకి లాక్కొచ్చా. ఇనప పొడి జల్లి, అయస్కాంతం పెట్టి, పగుళ్లు ఎక్కడున్నాయో వెతికా. బేరింగులు కొనుక్కుంటే దొరికేవి కాదు, లోహం కరిగించి చేత్తో పోశా. మొదటిసారి పోసింది నచ్చలేదు, కరిగించి మళ్లీ పోశా. రెండోదీ నచ్చలేదు. నా వయసులో ఎవరైనా మనవలకి స్వెట్టర్లు అల్లుకుంటారు. నాకు మనవలూ లేరు, అల్లడమూ రాదు.

ఏప్రిల్లో బల్లకి కట్టి మొదటిసారి బలం కొలిచాం. పక్కింటి వాళ్ల కిటికీలు గజగజలాడాయి, వాళ్ల కుక్క పారిపోయి రెండ్రోజులు రాలేదు. ఆ రోజు మా అన్న లామార్ కూడా వచ్చాడు. అంకె చూసి, "సరిపోదే నెల్డా, నా పాతదానికి ఇంతకంటే ఊపిరుండేది" అన్నాడు. అవును, ఉండేది. ఎందుకుండదు!

సరే, తియ్యి ఆ కొలత డబ్బా. గొట్టం బిగించు... 

హా! చూశావా? చూశావా నీ చెయ్యి ఎక్కడికి పోయిందో! ముందు సిలిండరు. రేడియేటర్ పక్కనున్నది, చెయ్యి హాయిగా దూరేది. రూలు ఏదో ఒకటి కొలవమంటుంది, ఏదైనా సరే, నీ ఇష్టం. నీ ఇష్టం మాత్రం ముప్ఫై ఏళ్లుగా ఆ ఒక్కదాని మీదే. నాలుగోదాని దగ్గరికి పోవాలంటే డాష్‌బోర్డు కిందికి దూరాలి, చొక్కాకి మసి అవుతుంది, నడుం పట్టేస్తుంది. ఎందుకొచ్చిన గొడవ! ముందుది కొలిచి, నాలుగుతో హెచ్చవేసి, సంతకం పెట్టేసి పోవడమే.

టోపీ నిండా ఆ బిళ్లలెందుకు గుచ్చుకున్నావయ్యా? ముందు సిలిండర్లు కొలిచినందుకా?

ఎందుకు నవ్వుతున్నానా. చెప్తా. నువ్వు మాత్రం నీళ్లు తాగు ముందు, మొహం ఎర్రబడిపోతోంది.

ఆ ఏడు గుర్తుందా? లామార్ రికార్డు కొట్టిన ఏడు. అంతకుముందు రెండేళ్లు వట్టి చేతుల్తో ఇంటికొచ్చాం. మగాళ్లంతా వాణ్ణి పట్టుకుని ఒకటే ఎగతాళి. "చెల్లెలి చేత ఇంజను కట్టించుకుంటావేంట్రా, లంగా మీద కుట్లేస్తుందా, పిస్టన్ మీద వేస్తుందా" అని. నువ్వూ అన్నావు. అన్నావులే, తల అడ్డంగా ఊపకు. లామార్ ఏమన్నాడు? "వచ్చే ఏడు కూడా రాకపోతే బోయిజీలో ఇంజన్లు కట్టే ఒకతను ఉన్నాడు నెల్డా, అతనికిచ్చేస్తా" అన్నాడు. అన్నం తింటూ అన్నాడు. రొట్టె ఇటు అందించు అన్నంత మామూలుగా అన్నాడు.

నాకు వేరే ఏముంది ఎల్డన్? పెళ్లా? పిల్లలా? ఏడాదికి ఒక ఇంజను. అదీ తీసి బోయిజీ వాడికిస్తాడట.

ఆ చలికాలం సిలిండర్లు తొలిచా. ముందు సిలిండరు పరిమితిలోనే ఉంచా, వెంట్రుక కూడా పెంచలేదు. వెనక మూడూ అంగుళంలో ఎనిమిదో వంతు పెద్దవి చేశా. పిస్టన్లు ఒకటి చిన్నది, మూడు పెద్దవి. బరువులన్నీ సమం చేయడానికే నాకు మూడు వారాలు పట్టింది, లేకపోతే వణికి చచ్చేది. ఎంత ముద్దుగా తిరిగిందో తెలుసా అది? నా చేత్తో చేసిన వాటిలో అంత బాగా తిరిగింది ఇంకోటి లేదు.

మూసెయ్యి నోరు, ఈగలు దూరుతాయి.

ఆ రోజు కూడా ఇలాగే ఎండ. నువ్వు వచ్చావు, ముందుదాంట్లో గొట్టం బిగించావు, మా అమ్మ ఇచ్చిన నిమ్మరసం రెండు గ్లాసులు తాగావు, సంతకం పెట్టావు. నేను నీ పక్కనే నిలబడ్డా. నీ చెయ్యే చూస్తున్నా. రెండోది కూడా కొలుస్తాడేమో, ఈ ఒక్కసారైనా వంగి చూస్తాడేమో అని. నువ్వు వంగలేదు. అంతే, లామార్ పేరు పుస్తకంలోకెక్కింది.

లామార్‌కి తెలీదు. ఇప్పటికీ తెలీదు. ఆ సాయంత్రం పక్కూరు వెండోవర్‌లో అందరికీ తిండి పెట్టించి, కుర్చీ ఎక్కి, "అంతా ఈ పాదం మహిమ" అన్నాడు. పాపం చేసింది నేను, పేరు వాడి పాదానికి! చెప్పేదాన్ని. గొంతు దాకా వచ్చింది. చెప్తే నా చేతికి పానా ఎవరిస్తారు మళ్లీ? ఈ ఉప్పు మీద కాలు పెట్టనిస్తారా నన్ను? తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నా.

రుజువా? రుజువు కావాలా దొరగారికి? మరుసటేడు ఆ దిమ్మ నిలువునా పగిలింది. లామార్ దాన్ని కడిగి, ఎర్ర రంగేసి, పైన అద్దం బిగించి, ముందు గదిలో కాఫీ బల్ల చేసుకున్నాడు. నాలుగు బొక్కలూ అద్దం కిందినుంచి పైకి చూస్తుంటాయి. రోజూ వాటి మీదే కప్పు పెట్టుకుని, వచ్చినవాడికల్లా పాదం కథ చెప్తాడు. నువ్వూ ఆ బల్ల మీద తాగావు కదయ్యా, పోయిన క్రిస్మస్‌కి! అద్దం తీసి స్కేలు పెట్టు. బడి పిల్లల స్కేలు చాలు.

ఇప్పుడు అర్థమైందా నీకు? ఆ పిల్ల ఏడేళ్లుగా పోటీ పడుతున్నది వాళ్ల నాన్న పాదంతో కాదు, నా దొంగతనంతో. చిన్న ఇంజన్తో, నిజమైన ఇంజన్తో, పావు మైలు దగ్గరకొచ్చింది! లామార్ ఏ రోజూ అంత బాగా తోలలేదు. ఈ ఇంజనిస్తే వాడు నూట ముప్ఫై కూడా దాటేవాడు కాదు. ఇంత తోలిన పిల్ల బూట్లు మూలకి విసిరేసి, నా కాలే మంచిది కాదేమోనని ఏడుస్తోంది.

అటూ ఇటూ చూస్తున్నావేం? భుజాలెందుకు తడుముకుంటావ్? ఆ కాగితం మీద నీ సంతకమూ ఉందనా? ఉంది. నీ పేరూ పోతుంది, నా పేరూ పోతుంది, వాడి రికార్డూ పోతుంది. వాడి ఊపిరి ఇంక ఎన్నాళ్లో డాక్టరుకే తెలీదు, ఈ ఒక్క గొప్ప మీదే బతుకుతున్నాడు. అదీ లాగేస్తున్నా. నాకు జాలి లేదనుకోకు. వాణ్ణి చూస్తే ఏడుపొస్తుంది. ఆ పిల్లని చూస్తే ఇంకా ఎక్కువ వస్తుంది, అంతే తేడా.

ముసలాడు పోయేదాకా ఆగొచ్చుగా అంటావు. నేనూ అదే అనుకున్నా, ఏడేళ్లు. ఈ పొద్దున దాకా అదే అనుకున్నా.

పొద్దున ఏమైందో వింటావా? రేడియోలో అంకె చెప్పారు చూడు, నూట ముప్ఫై ఏడున్నర అని. అందరూ అయ్యో అన్నారు. నేనూ అన్నా. కానీ లోపల... లోపల సంతోషమేసింది ఎల్డన్. నిజం చెప్తున్నా. నా పాత ఇంజన్ని ఇంకా ఎవరూ కొట్టలేకపోయారు అనుకున్నా. ఆ పిల్ల నాలుగు మైళ్ల అవతల బండిలో కూర్చుని ఏడుస్తుంటే, ఇక్కడ నేను దాని మేనత్తని, దాని ఇంజను కట్టినదాన్ని, నవ్వుకున్నా. లామార్‌ది నోటి దురుసు, అది బయటికి వినిపిస్తుంది. నాదేమిటి మరి?

భయమేసింది నన్ను చూసి నాకే. అందుకే నీ తాడు ఆపా.

కెండ్రా! కెండ్రా, బయటికి రా తల్లీ! బూట్లు తర్వాత వేసుకుందువులే, ఉత్త కాళ్లతోనే రా. మీ నాన్నని కూడా ఇటు రమ్మను. గొట్టం లాక్కుంటూ వస్తాడులే, మెల్లిగా రానీ.

నువ్వు లేవకు ఎల్డన్. నాలుగూ కొలువు, వాళ్ల ముందే కొలువు, తర్వాత నేను చెప్తా.

కాదు, ఉండు. ముందు నేనే చెప్తా. కొలిచేదాకా ఆగానంటే మళ్లీ నోరు పెగలదు.