మూడు గ్లాసుల పొగ

ఏంటమ్మా అక్షయా, ఆ మొహం? ఫోన్లో ఆ మెకానిక్కు ఇంజన్ విప్పాలన్నాడా? బోరు పోయింది, రింగులు పోయాయి అనుంటాడు. పొగ కనపడితే చాలు, ఈ కాలం వాళ్ళకి పానా దానంతటదే చేతిలోకి వచ్చేస్తుంది. ఆపకు ఆపకు, నడవనీ బండిని. ఆయిల్ చూశావా? గేజీలో ఉంది కదా, మరింకేం. అలా వాకిట్లోనే స్టాండేసి వదిలెయ్. మీ అమ్మ ఆరేసిన బట్టలు కంపు కొడతాయని గొణుగుతుంది, గొణగనీ, నేను చెప్పుకుంటాలే. నువ్వలా మెట్టు మీద కూర్చో. నా టీ గ్లాసేదీ? ఆ, ఇలా పెట్టు. ఇదుగో, నేను గ్లాసెత్తాను, ఇక్కణ్ణుంచి లెక్క. ఏం లెక్కంటావా? మా ఖాజా లెక్క. ఖాజా మొహిద్దీన్ అని, వన్ టౌన్‌లో అపరాల గోడౌన్ల వెనక సందులో షెడ్డుండేది. నువ్వు పుట్టకముందే పోయాడులే. నేను కాలవల డిపార్ట్‌మెంటులో బుల్లెట్టేసుకుని గట్లమ్మట తిరిగిన పాతికేళ్ళూ ఆ బండి మీద వాడి చెయ్యి తప్ప ఇంకోడి చెయ్యి పడనియ్యలా. మీ నానమ్మకి కోపం కూడానూ, 'ఆ షెడ్డులోనే చాపేసుకుని పడుకోరాదూ' అనేది కనకలక్ష్మి.

ఎలా ఉండేవాడంటే, మెకానిక్కు కదా, తెల్లచొక్కా వేసేవాడు. ఏం, నవ్వుతావా? నేనూ నవ్వా. 'ఏవయ్యా ఖాజా, గ్రీజు పనికి తెల్లచొక్కా ఏంటయ్యా' అంటే, 'మరక పడిందంటే నేను తొందర పడ్డానని అర్థం ప్రసాదుగారూ, సాయంత్రం ఇంటికెళ్ళి చూసుకుంటాను' అనేవాడు. సాయంత్రానికి మరక లేకుండా ఏం ఉండేది కాదనుకో, వాళ్ళావిడ మెహబూబ్ బీ రోజూ తిట్టేది. చొక్కా సంగతి అలా ఉంచు, చేతిరుమాళ్ళు ఇంకోటి. పొగొచ్చే బండి ఏదొచ్చినా తెల్ల రుమాలు తీసి సైలెన్సర్ మూతికి అడ్డం పట్టేవాడు. పట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని... అబ్బో, అత్తరు చూస్తున్నట్టుండేది ఆ భోగం! నల్లమరకైతే పెట్రోలు ఎక్కువ పోతోంది, తడి మాత్రమే ఉంటే నీళ్ళు, పొగ నీలంగా, మరక జిడ్డుగా ఉంటే ఆయిలు. అప్పట్లో సగం బండ్లు మామూలుగానే పొగ కక్కేవిలే, ఆయిలు పెట్రోల్లో కలిపి పోసేవాళ్ళం. ఆ పొగలో మనిషి మనిషికి కనపడేవాడు కాదు బీసెంట్ రోడ్డులో. బుల్లెట్టు అలా కాదు, అది పొగ వదిలిందంటే గుండె గుభేలుమనేది. ఏం చెప్తున్నానూ... ఆ, నీ బండిలాగా పడ్డ బండి సంగతి.

పడ్డ బండి వస్తే ఖాజా పానా ముట్టుకునేవాడు కాదు. ముందు కూర్చోబెట్టేవాడు. మూడే మూడు ప్రశ్నలు. ఏ పక్కకి పడింది? లేపగానే కిక్కు కొట్టావా? ఎంతసేపు పడుంది? ఎందుకంటే, నిలబడ్డ బండిలో ఆయిలు కిందుంటుంది. పడుకోబెడితే అది తిన్నగా ఉంటుందా? ఎక్కకూడని చోటికి ఎక్కుతుంది, లేపి స్టార్ట్ చేస్తే అక్కడ కాలుతుంది. అదే ఈ పొగ. ఇంజనుకి రోగం లేదు, పాపం దాని ఒళ్ళు ఎగుడుదిగుడైందంతే. అందుకని ప్లగ్గు విప్పి, నాలుగు కిక్కులు ఉత్తుత్తినే కొట్టి, లోపల చేరిన ఆయిలు బైటికి చిమ్మించి, ప్లగ్గు తుడిచి పెట్టి, స్టార్ట్ చేసి టీ చెప్పేవాడు. ఇందాక నేను ప్లగ్గు విప్పి నీ చేత మీట నొక్కించింది అందుకే. 'ఒక్క గ్లాసు టీ అయ్యేలోపు పొగ తగ్గిందా, బండి భేషు. తగ్గుతూ తగ్గుతూ రెండో గ్లాసు పట్టిందా, ఎక్కువసేపు పడుందన్నమాట. అసలు తగ్గకపోతే అప్పుడు విప్పుదాం' అనేవాడు. నాది అయిపోయింది, ఆ ఫ్లాస్కు ఇలా అందుకో. ఎడం చేత్తో ఇస్తున్నావేంటే? సరే, పెట్టు పెట్టు. చూడు, ఇంకా వస్తోంది పొగ. వస్తుందిలే, కంగారేం లేదు.

ఎనభై ఆరులోననుకుంటా, నాట్ల రోజులు. కంకిపాడు దాటాక కాలవ గట్టు మీద వెళ్తున్నా, ఎక్కడో నీళ్ళు లీకవుతున్నాయంటే చూద్దామని. అంతే. ఆ తర్వాత నాకు తెలిసింది ఏంటంటే మొహానికి గడ్డి తగులుతోంది. బండి ఎడం పక్కకి పడుంది, నేను దానికి ఇటు పక్క. నోట్లో ఉప్పగా ఉంది, నాలుక కొరుక్కున్నా. లేచి చుట్టూ చూశా, ఎవరన్నా చూశారా అని, అదీ మన బుద్ధి. లేపి కిక్కు కొడితే ఒక్క బారెడు పొగ వదిలి ఆగిపోయింది. మినుములేసుకొస్తున్న లారీ దొరికితే బతిమాలి బండెక్కించి ఖాజా దగ్గరికి తీసుకుపోయా. 'ఏవైంది ప్రసాదుగారూ?' 'కుక్క అడ్డం వచ్చిందయ్యా.' 'ఎంతసేపు పడుంది?' 'ఎక్కడ, పడగానే లేపా!' సరేనని ప్లగ్గు పనీ అదీ చేసి, స్టార్ట్ చేసి టీ చెప్పాడు. ఒక గ్లాసయింది. రెండయింది. నాకు కంగారు, 'విప్పు ఖాజా, విప్పు, రింగులు పోయినట్టున్నాయి' అని నేనే అంటున్నా. వాడు రుమాలు పట్టడం, వాసన చూడ్డం, నా వైపు చూడ్డం. మూడో గ్లాసు సగంలో ఉండగా పొగ ఆగిపోయింది. టకటకటకా గడియారంలా కొడుతోంది ఇంజను.

అప్పుడు బండాపి, నా పక్కనొచ్చి కూర్చున్నాడు. 'బండికేం లేదు సార్. కానీ ఇది గంటకి తక్కువ పడిలేదు. ఒళ్ళు బాగున్నవాడు ముందు బండి లేపుతాడు, తర్వాతే తన మోకాలు చూసుకుంటాడు. ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నా, ఒక్కడు తప్పలా. మీరు గంటసేపు లేపలేదంటే ఆ గంట మీరెక్కడున్నారు?' అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. 'మెకానిక్కువి మెకానిక్కులా ఉండు, నా ఒళ్ళు నీకెందుకు' అని అరిచా, సందులో హమాలీలందరూ వినేట్టు. ఇప్పటికీ సిగ్గేస్తుంది తలుచుకుంటే. వాడు బండి తాళం తీసి ఆ తెల్లచొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడు. 'ఎంతసేపు పడున్నారు?' అని మళ్ళీ అడిగాడు, మెల్లిగా. 'తెలీదు ఖాజా' అన్నా. అంతే, ఏడుపొచ్చేసింది, ముప్పైఆరేళ్ళ మగాణ్ణి. అంతకుముందు కూడా రెండుసార్లయింది మరి. ఫిట్సని తెలిస్తే ఉద్యోగంలో గట్ల మీదికి పంపరు, పంపకపోతే ఏ మూలో కూర్చోబెడతారు, నలుగురూ నాలుగు రకాలుగా చూస్తారు, అదీ నా భయం. వాడే రిక్షా పిలిచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆర్నెల్లు బండెక్కొద్దన్నాడు డాక్టరు. తాళం ఆర్నెల్లూ ఖాజా జేబులోనే. ప్రతి శుక్రవారం నమాజయ్యాక మనింటికొచ్చేవాడు, బండి పాడవకుండా కాసేపు స్టార్ట్ చేసి పెట్టి, మీ నానమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, తాళం జేబులో వేసుకుని చక్కా పోయేవాడు. ఆర్నెల్లూ ఒక్క వారం తప్పలా. వర్షమొస్తే గొడుగేసుకొచ్చేవాడు. సొంత అన్నదమ్ములు చెయ్యరమ్మా అలా. వాడు పోయిన రోజున జనాజా వెంట నడుస్తూ నేను... సర్లే.

ఈ సంగతి మీ నానమ్మకీ ఖాజాకీ తప్ప మూడోవాడికి తెలీదు. మీ నాన్నకీ తెలీదు. రోజూ రాత్రి నేను వేసుకునే తెల్లబిళ్ళ ఉందే, నువ్వు బీపీ బిళ్ళనుకుంటావు, అది బీపీది కాదు. నలభై ఏళ్ళుగా అదే నన్ను నిలబెట్టింది. ఇప్పుడెందుకు చెప్తున్నానా? అటు చూడు. తగ్గింది చూశావా పొగ? ఇప్పుడు తగ్గింది. నా చేతిలోది మూడో గ్లాసు. నీ బండి భేషమ్మా, ఏం విప్పక్కర్లేదు. బెంజ్ సర్కిల్లో షాపు ముందు పార్కింగులో పడిందన్నావు, కుక్క అడ్డం వచ్చిందన్నావు, పడగానే లేపానన్నావు. అందరికీ ఆ కుక్కే దొరుకుతుంది పాపం. పార్కింగులో కుక్క అడ్డం రావడమేంటి? బెంజ్ సర్కిల్లో బండి పడితే పదిమంది లేపుతారు, మూడు గ్లాసులసేపు పడుండనిస్తారా? ఫుట్‌రెస్టులో పచ్చగడ్డి ఇరుక్కుంది చూడు, అక్కడెక్కడుంది గడ్డి? కాలవ గట్టు మీంచి వచ్చావు. మొన్న స్నానాల గదిలో కళ్ళు తిరిగాయని మీ అమ్మతో అంటుంటే విన్నాలే. బండి మానిపిస్తారని కదూ నీ భయం? నాకెందుకు తెలీదు తల్లీ ఆ భయం. ఏదో వేరేదయ్యుండొచ్చు, ఎండ దెబ్బయ్యుండొచ్చు, తిండి మానేసి తిరుగుతున్నావు. కానీ నా ఒంట్లోది నీకొచ్చిందేమోనని, నువ్వు ట్రాలీ ఆటోలోంచి బండి దింపినప్పట్నుంచీ నా ప్రాణం ప్రాణంలో లేదు.

ఆ కుడి చెయ్యి చున్నీ కిందనుంచి తియ్యి. అమ్మమ్మా... ఎంత గీరుకుపోయిందీ. చెప్పు, ఎంతసేపు పడున్నావు?

తెలీదా.

సరే. సరేలే. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి మనిద్దరం పోదాం, మీ అమ్మకి నేను చెప్తా, నాదీ కలిపి చెప్తా. బండాపి తాళం ఇలా ఇవ్వు. ఊఁ, ఇదుగో, నా జేబులో వేసుకున్నా. శుక్రవారం శుక్రవారం నేను స్టార్ట్ చేసి పెడతాలే, ఇప్పటి బండ్లకి కిక్కు కూడా అక్కర్లేదు, మీట నొక్కడమేగా. లేవకు లేవకు, అక్కడే కూర్చో. ఫ్లాస్కు ఖాళీ అయింది, నీకు టీ నేను పెట్టుకొస్తా.