మొదటి పొంగు

పుంగనూరు. గృహప్రవేశం రోజు ఉదయం. కొత్త ఇంటి వెనక రేకుల షెడ్డులో వాచ్‌మన్ రామప్ప భార్య గంగులమ్మ, పదో తరగతి చదివే కూతురు శ్వేత.

"తలుపు దగ్గరికెయ్. ఇప్పుడు సెప్పు. లోపల వంటింట్లో పొయ్యి ఎలిగించింది నువ్వేనా?"

"ఎవురు చెప్పినారు?"

"ఎవురూ సెప్పలే. ఇంటామె రేఖమ్మ ముగ్గేసేదానికని మూల తుడిసింది. గుడ్డకు మసి అంటింది. కింద పాలు కారి ఎండిపోయిన మరక. నేను పక్కనే ఉండాను."

"రేఖమ్మ ఏమనింది?"

"అడుగుతాండేది నేను. నువ్వేనా?"

"నేనే."

"ఎప్పుడు?"

"నువ్వు అమ్మమ్మను చూసేదానికి కుప్పం పోయినప్పుడు."

"ఆకలై కాసుకుంటివా? షెడ్డులో గ్యాసు ఉండాది గదా. ఆడికి యాల పోయినావు?"

"తాగేదానికి కాదుమా."

"మరి?"

"పొంగిచ్చేదానికి."

"మెల్లిగా. మెల్లిగా మాట్లాడు. కొత్తింట్లో మొదటి పాలు ఎవురు పొంగిస్తే ఇల్లు వాళ్లదంటారు. తెల్దా నీకు?"

"తెలుసు."

"తెలిసే సేసినావా?"

"మదనపల్లెలో మనం కాపలా ఉండిన మేడ గోడలకు నీళ్లు కొట్టింది ఎవురుమా? బడికి పోకముందు నేను, వచ్చినాక నేను. మెట్లు కట్టకముందే నిచ్చెన ఎక్కి పోయి పైన చదువుకుంటాంటి. కిటికీ ఉండే గది నాదనుకుంటి. గృహప్రవేశం ముందురోజు మనల్ని సామాను తీసేయమనిరి. మనం పండుకున్న చోట పసుపునీళ్లు చల్లిరి."

"అది అందురూ సేసేదేమే."

"బైరెడ్డిపల్లెలో కూడా అంతే. ఎవురింట్లో పాలు పొంగేటప్పుడైనా మనం గేటు బయటే ఉంటాము. ఒక్కింట్లో అన్నా లోపల నిలబడి చూడాలని ఉండె."

"ఈ మాట మీ నాయనతో అన్నావా?"

"ఎప్పుడో."

"ఎప్పుడు?"

"గుర్తులే."

"పాలు యాడివి?"

"పాలు పోసే కాంతమ్మక్క... కాదు, డెయిరీలో."

"ఏదో ఒకటి సెప్పు."

"డెయిరీలో."

"పొంగు యా పక్కకు పడె?"

"తూరుపుకు. మంచిదంట."

"ఎవురు సెప్పినారు మంచిదని?"

"ఎవురో. ఊర్లో అంటారు గదా. లోపల ఏం జరుగుతాంది, అది చెప్పు."

"ఏం జరుగుతాంది. ఇంటి సారు వాళ్లమ్మ రంగనాయకమ్మ పూజ ఆపేసింది. ఎవురో పొంగిచ్చిన ఇంట్లో మేము యాల పొంగియ్యాలంటాది. లక్ష్మీపతి సారు గిరిబాబు మేస్త్రీని నిలదీసె. మేస్త్రీ ఏమనె, రామప్ప కర్పూరం ఎలిగించి సేత్తో ఆర్పి ప్రమాణం సేస్తే నమ్మండి, వాచ్‌మన్ ఇంటోళ్లు ఎవురూ పొయ్యి ముట్టలేదని, అనె."

"నాయన్నా?"

"ఇంగెవుర్ని? తాళాలు ఆయన కాడ గదా ఉండేది."

"నాయన ఏమన్నాడు?"

"తల వంచుకోని నిలబడె. తలమింద నీళ్లు పోసుకోనొస్తానని బోరింగు కాడికి పోయె."

"అమ్మా, ఆర్పద్దని చెప్పు."

"యాల?"

"చెప్పుమా. దొంగప్రమాణం చేస్తే ఇల్లు నిలవదంటారు గదా. పెద్దపంజాణిలో ఎవురో చేసి..."

"అది తెలిసి సేసినోళ్లకు. మీ నాయనకు తెలీదు. తెలీకుండా ఆర్పితే పాపం అంటదు. అది యోచన సేసుకోనే నేను నీ కాడికి వచ్చినా. నువ్వు నోరు మూసుకోనుంటే సాలు. అయిపోతాది."

"నేను పోయి నేనే చేసినానని చెప్తా."

"కూర్సో. సెప్తే ఏమైతాదో తెలుసా? మేస్త్రీ హార్స్‌లీ హిల్స్ కాడ కొత్త పని పట్టినాడు. ఆ ఇంటికి కాపలా మనమే అన్నాడు. ఇంగ పిలుస్తాడా? రేపు ఈ షెడ్డు పీకేస్తారు. వయసొచ్చిన బిడ్డను బస్టాండులో పండబెట్టుకోవాల్నా?"

"పండుకుందాము."

"ఏంది?"

"బస్టాండులోనే పండుకుందాము. నాయన్ను మాత్రం ఆర్పనీయద్దు."

"నీకు తిక్కా? ఆయన పరాయోళ్ల మేకు కూడా ముట్టని మనిషి. ధైర్యంగా ఆర్పుతాడు."

"ధైర్యంగా ఉంటే తల యాల వంచుకున్నాడు?"

"అంతమందిలో దొంగను అడిగినట్లు అడిగితే వంచుకోడా?"

"ఒకటి చెప్పు. తెలిసి ఆర్పితే ఎవురికి తగుల్తాది? ఆర్పినోళ్లకా, బిడ్డలకా?"

"బిడ్డలకే. అందుకే గదా అందురికీ భయం. నీకేం కాదులే, నేను సెప్తాండా గదా."

"నాకైతే ఏమిలే. నాకేమన్నా అయితే నాయన బతుకుతాడా?"

"ఏం మాటలే ఇవి?"

"గంట కొడ్తాండారు."

"కర్పూరం ఎలిగించినట్లుండారు. యాడికి లేస్తాండావు? శ్వేతా, కూర్సో. నేను సెయ్యి వదలను."

"వదులుమా. పొయ్యి ఎలిగించింది నేను కాదు. పాలు పొంగుతాండాయి, లేసి రా పాపా అని నన్ను లేపింది నాయన."