ఊపిరి బిగపట్టకుండా

జెజు దీవి తీరంలో, ఆగిన పడవ అంచు పట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు నీళ్లలోంచి తలలెత్తారు. గాలి సిలిండర్‌తో మునగడం నేర్పే అమ్మాయికి కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది.

"పెద్దమ్మా, మళ్లీ ఊపిరి బిగపట్టారు. మీ బుడగలు ఆగిపోయాయి."

"యాభై ఏళ్లు నత్తగుల్లల కోసం ఊపిరి బిగపట్టే మునిగాను. ఒక్కపూటలో మానమంటే ఎలా అమ్మాయ్?"

"అప్పుడు వీపున సిలిండర్ లేదు. గాలి బిగపట్టి ఉండగా, నీళ్లలో మనిషిని లాక్కెళ్లే ఈ మోటారు స్కూటర్ పైకి లాగిందంటే ఊపిరితిత్తులు చిట్లిపోతాయి. ఇంకోసారి ఇలా చేస్తే స్కూటర్ ఇవ్వను."

"ఇవ్వకపోతే నీళ్లకింద ఆ అవతలి దిబ్బ దాకా ఎలా పోను? మోకాళ్లు అరిగాక ఆరేళ్లుగా అక్కడి పగడాలు చూడనేలేదు."

"స్కూటర్ నడపడంలో మీకేం లోటు లేదు. మొదటివారం నేను ప్రతి రాయినీ గుద్దాను."

"నీళ్లు ఎటు తోస్తే భుజం అటు వంచాలి. నువ్వు వాటితో పోట్లాడి ఉంటావు."

"ఆ మాట నాకెవరూ చెప్పలేదు. మరి ఊపిరి సంగతి?"

"తెడ్లేసేటప్పుడు మేం పాడుకునే పాట ఉంది. నోట్లో గొట్టం ఉన్నా కూనిరాగం తీయొచ్చుగా. పాడుతూ ఊపిరి బిగపట్టడం ఎవరివల్లా కాదు."

మళ్లీ మునిగారు. మోటారు రొదలో సన్నటి రాగం వినిపిస్తూనే ఉంది; బుడగలు ఒక్కసారీ తెగలేదు. పైకి వచ్చాక అమ్మాయి దిబ్బ వైపు చెయ్యి చూపింది.

"పదండి, దిబ్బకి పోదాం. మీరు ముందు, మీ వెనక నేను."

"నేర్పేదానివి నువ్వు కదే?"

"క్షేమంగా పైకి రావడం వరకే నేను నేర్పాను, పెద్దమ్మా. అక్కడికి పోవడం మీకే తెలుసు."